శాంపిల్ 19

మార్చి 3
అక్క ఇవాళ మా ల్యాబ్‌కొచ్చి రక్తం ఇచ్చింది. ఆరోగ్యవంతుల శాంపిళ్లు ఇరవై కావాలి. పద్దెనిమిదే దొరికాయి, బతిమాలి తీసుకొచ్చాను. తను టైలర్. పొద్దస్తమానం సూదితో బతికే మనిషి సిరంజి చూడగానే కళ్లు తేలేసింది. నర్సు మూడుసార్లు పొడవాల్సి వచ్చింది. ట్యూబు నిండీ నిండగానే అక్క కుర్చీలోంచి జారిపోయింది. పట్టుకుని, నీళ్లు చల్లి, అట్టతో గాలి విసిరి, ఆపుకోలేక నవ్వాను. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది.

మార్చి 9, సాయంత్రం 5
శాంపిల్ 19 మెషీన్‌లో రన్ అయింది. మెషీన్ రక్తంలోని కొవ్వు పదార్థాలను ముందు కాలమ్ అనే సన్నటి గొట్టంలో విడదీస్తుంది, తర్వాత ఒక్కోదాన్ని బరువును బట్టి పట్టుకుంటుంది. మాకు కావలసినవి ప్రోస్టాగ్లాండిన్లు. హార్మోన్ల లాంటివి, ఒంట్లో వాపూ నొప్పీ రేపుతాయి. స్క్రీన్ మీది గీతలో అవి ఎంతుంటే అంత ఎత్తు లేస్తుంది. అందరికీ చిన్న గుట్ట. 19కి కొండ.
రూలు ప్రకారం 19 ఎవరో నాకు తెలియకూడదు. కానీ లేబుల్ అంటించింది నేనే.

మార్చి 10
అమ్మ వేళ్లు వంకర తిరిగిందీ ఇలాంటి వాపుతోనే. ఇప్పుడు గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటుంది. అక్క వేళ్లూ పోతే ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. ఒక్క పీక్, అంటే ఒక్క కొండ, చూసి జబ్బని తేల్చకూడదన్నారు మా ల్యాబ్ హెడ్ మేడమ్. జూనియర్లకు నేను చెప్పే మాటే అది.

మార్చి 11
అక్క రిజల్ట్ అడిగింది. ఇంకా రాలేదని అబద్ధమాడాను.

మార్చి 12
అదే రక్తాన్ని మళ్లీ రన్ చేశాను. అదే కొండ. ఈసారి పక్కన థ్రాంబాక్సేన్ కూడా చూశాను. ఇంకా పెద్దది. రక్తం గడ్డకట్టేటప్పుడు పుట్టేది అది. ఒంట్లో తిరిగే రక్తంలో అంత ఉండదు. మరి ట్యూబులో పుట్టిందా? రిజిస్టర్ తీశాను. రక్తం తీసింది 10:10. ఐసులో పెట్టింది 10:55. నా రాతే. వెంటనే ఐసులో పెట్టాలని గోడ మీద కాగితం అంటించిందీ నేనే. అక్కకు విసురుతూ నవ్వుతున్నంతసేపూ ట్యూబు బల్ల మీదే ఉంది. చల్లబడని రక్తం అందులోనే గడ్డకడుతూ రెండు కొండల్నీ పుట్టించింది.
నా బుద్ధి గడ్డి తిన్నది. సంతోషంతో ఏడుపొచ్చింది. మేడమ్ దులిపేశారు. ఆవిడ తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని తెలియదు. ఖాయం చేసుకోవాలంటే మాత్రం అక్క మళ్లీ రావాలి.

మార్చి 13
అక్కకు అంతా చెప్పాను. వేళ్లు ముడిచి, విప్పి చూసుకుంది. రోజూ లేవగానే అలాగే చూసుకుంటుందట, అమ్మకు తెలియకుండా. వస్తానంది. ఈసారి నవ్వితే నా మూతి కుట్టేస్తానంది.

మార్చి 14
అక్క మళ్లీ కళ్లు తేలేసింది. ముందు ట్యూబును ఐసులో పెట్టి, తర్వాత అక్కను పట్టుకున్నాను.

మార్చి 16
చిన్న గుట్ట. అందరిలాంటి, ఏ ప్రత్యేకతా లేని, బంగారంలాంటి గుట్ట.

మార్చి 17
నా కోటుకు ఊడిన గుండీ అక్క కుట్టిచ్చింది. సూది అందులోనే మర్చిపోయింది. గుచ్చుకుంది. హాయిగా ఉంది.