చివరి గుక్క

తిప్పేషన్నా,

మేలో మాతో హిమాలయాలు ఎక్కడానికి రానని, మోకాళ్లు బరువు మోయవని మన మల్లికార్జునతో చెప్పి పంపావట. అందుకే ఈ ఉత్తరం.

గుమ్మఘట్ట గుట్టల్లో మనం మేకలు కాసిన ఎండాకాలాలు నాకింకా కళ్లల్లోనే ఉన్నాయి. నీళ్ల సొరబుర్ర మోసేవాడు అందరూ తాగాకే తాగాలని మనకో కట్టుబాటు. ఆ బుర్ర ఎప్పుడూ నీ భుజానే ఉండేది. నీ దాకా వచ్చేసరికి అందులో గుక్కెడు కూడా మిగిలేది కాదు. "నాకు దప్పి కాలేదులేప్పా" అని ఖాళీ బుర్ర తగిలించుకుని నడిచేవాడివి. మేం నమ్మేవాళ్లం.

నిన్న అక్కడి గైడుతో ఫోన్లో మాట్లాడాం. దారి పొడవునా వాగులేనట, తలా ఒక సీసా చాలన్నాడు. మల్లికార్జునకు నమ్మకం కుదరలేదు. "ఎండాకాలం గూడా పారతాయా? అవి ఎవురి నీళ్లప్పా?" అని అడిగాడు. ఎవరివీ కావట.

నీ దుప్పట్లూ గుడారమూ మేం పంచుకుని మోస్తాం. నువ్వు ఒట్టి చేతులతో రా. మొదటి వాగు కనబడగానే మేమంతా గట్టునే నిలబడతాం.

ఈతూరి ముందు నువ్వు తాగాలన్నా.

నీ వెనకే నడిచిన
తమ్ముడు