ద్వాదశి పొద్దున పోసిన చుక్కలు

అమ్మా,

నీ గుండెదడ నాకూ వచ్చింది. గద్వాల దవాఖానలో నీకిచ్చిన చుక్కల మందే ఇచ్చారు. "ఒకపూట తప్పితే తప్పనీ. రెండు పూటలది కలిపి తాగితే పానం మీదికొస్తది," అన్నాడు డాక్టరు.

అప్పుడు మనకీ మాట ఎవరూ చెప్పలేదు. మనమూ అడగలేదు. ఏకాదశి ఒక్కపొద్దని నువ్వు మందు ముట్టలేదు. ద్వాదశి పొద్దున "నిన్నటిది గూడ కలిపి పొయ్యి బిడ్డా," అన్నావు. పోశాను. మధ్యాహ్నం వాంతులు పట్టుకున్నాయి. తెల్లటి సున్నపు గోడలను చూస్తూ "గోడలకు పసుపెవరు పూసిన్రే?" అని అడిగావు. సాయంత్రానికి నువ్వు లేవు.

ఇవాళ ఏకాదశి. పొద్దుటి నుంచి పదిసార్లు గూట్లో ఉన్న సీసా దగ్గరికి పోయి వచ్చాను. "ఒక్కపొద్దు చెడ్తది గద వదినె, రేపు తాగరాదూ?" అంది మరదలు. చెడితే చెడనీ అని నీళ్లలో చుక్కలు పోసుకుని తాగాను.

పోస్తుంటే చెయ్యి వణికింది. ఆ రోజు వణకలేదమ్మా.