పుదీనా కుండీ తాగిన నీళ్ళు

మిస్ అఫాఫ్,

ప్లీజ్, ఇది మీరు ఒక్కరే చదవండి. బ్రెయిలీ చుక్కల్లో రాస్తున్నా కాబట్టి ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. కానీ క్లాసులో అందరి వేళ్ళకీ అర్థమవుతుంది. అదే నా భయం.

సైన్స్ ప్రయోగం కోసం గుర్తుగా రబ్బరు బ్యాండు వేసిన పుదీనా కుండీకి నీళ్ళు పోయకూడదన్నారు కదా. వారమైనా తక్కెడలో దాని బరువు తగ్గలేదు, తడిమి చూస్తే ఆకులూ వాడిపోలేదు. "రంజాన్లో ఉపవాసమంటూ చాటుగా తాగే మా బాబాయి లాంటిదే ఇది!" అని దీనా నవ్వింది. మీరు నవ్వలేదు. కుండీల బాధ్యత షాహిరాది కాబట్టి తనే పోసిందన్నారు, కైరోలో జరిగే సైన్స్ పోటీకి తను రాదన్నారు. తను ఏడుస్తుంటే నేను పక్కనే కూర్చుని ఊరుకున్నా.

పోసింది నేనే మిస్. మధ్యాహ్నం నమాజుకి ముందు కాళ్ళూచేతులూ కడుక్కున్నాక చెంబులో మిగిలిన నీళ్ళు కుళాయి పక్కనున్న కుండీలో పోసేదాన్ని. మా నానమ్మ ఆ నీళ్ళు పారబోయనివ్వదు, "మొక్కకి పొయ్యవే" అంటుంది. అలవాటుగా పోసేశా. బ్యాండు ఉందేమో తడిమి చూడలేదు.

"స్కూల్ నుంచి ఒక్క కంప్లైంట్ వచ్చినా చదువు మానిపిస్తా" అన్నాడు నాన్న. అక్కని అలాగే మానిపించాడు. నాన్నకి మాత్రం ఫోన్ చెయ్యకండి మిస్, ఇంకే శిక్ష వేసినా సరే.

రేపు క్లాసులో "ఎవరు పోశారు?" అని ఇంకోసారి అడగండి. మొన్న అడిగినప్పుడు నేను చెయ్యెత్తాను, నిజంగా ఎత్తాను. మీతో సహా ఎవరికీ కనపడదని తెలిసే ఎత్తాను.

రేపు నోటితో చెప్తా.