రెడ్డెప్ప ముందు పెట్టాల్సిన సీసా

మదనపల్లె

అమ్మా అనసూయా,

మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టేటప్పుడు మీ ఆయన ఫోటో ముందు ఏ విస్కీ ఉంచాలని అడిగావు. నాకూ తెలియదమ్మా.

పుంగనూరులో మీ మిద్దె మీద ఆదివారం వస్తే మాకదే గొడవ. మొక్కజొన్నతో చేసే బర్బన్ విస్కీయే మేలని నేననేవాణ్ణి. రెడ్డెప్ప గోధుమల్లాంటి రై గింజలతో చేసే విస్కీ చేతబట్టుకుని, "నీది బెల్లం పానకమప్పా! నాది మిరియాల చారు. ఈ ఘాటు సూడు!" అనేవాడు. సరే, రై బాగుందని నేనొప్పుకుంటే వెంటనే బర్బన్ వైపు తిరిగేవాడు. వాడికి నిజంగా ఏది ఇష్టమో చెప్పకుండానే పోయాడు.

నిన్న వాడికోసం తేల్చుదామని రెండూ పోసుకుని కూర్చున్నాను. రెండూ ఒకటే చేదు. కాదనే మనిషి లేకపోతే నాకు తేడా తెలియడం లేదు.

రెండు సీసాలూ పంపుతున్నాను, రెండూ పెట్టు. ఆకు ఎత్తాక మిగిలింది నాకు పంపకు తల్లీ, పారబోసెయ్.

మీ అన్న