చచ్చినట్టు పడే ఆట

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. సెలవు అడిగితే ఆఫీసు ఔటింగ్ ఉంది, రావాల్సిందే అన్నారు. శామీర్‌పేట చెరువు పక్క రిసార్టులో మాకు పెట్టిన ఆట ఏంటో తెలుసా? ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్లకీ అక్కడి జులూ తెగ వాళ్లకీ జరిగిన యుద్ధం.

సిలబస్‌లో లేకపోయినా నువ్వు బళ్లో పిల్లలకు చెప్పేవాడివి. జులూలు ఈటెలతో ఒకసారి తుపాకుల సైన్యాన్నే ఓడించారనీ, ఆఖరికి వాళ్ల రాజ్యమే పోయిందనీ. "ఎవలి భూమి మీదికి ఎవలు వొయిండ్రు? ముందుగాల గది చెప్పుండ్రి" అని అడిగేవాడివి.

ఇక్కడ ఎవరూ అడగలేదు. మా ఆఫీసు వాళ్లకు ఎర్ర కోట్లు, బొమ్మ తుపాకులు ఇచ్చారు. జులూలుగా సూరారం నుంచి కూలీలను తెచ్చి, ముఖాలకు మసి పూసి, చేతికి అట్ట డాళ్లిచ్చారు. మేం కాల్చినప్పుడల్లా వాళ్లు చచ్చినట్టు పడాలి. ఫోటో బాగా రాలేదని మళ్లీ పడమన్నారు. మా మేనేజరు ఒక పెద్దాయన గుండెల మీద బూటు పెట్టి నవ్వాడు.

ఆట అయ్యాక వాళ్లంతా నేరుగా చెరువులోకి దిగారు. మసి కడుక్కోవడానికేమోనని సబ్బు పట్టుకెళ్లాను. ఆ పెద్దాయన వద్దన్నాడు.

"మసి గురించి గాదు బిడ్డా. పొద్దుగాలసంది సచ్చుడే అయింది. సావుకాడికెల్లి వచ్చినట్టే గదా, తానం జెయ్యకుంట ఇంట్లకెట్ల వోతం?"

ఇంటికొచ్చాను. నీ ఫోటోకి దండ వేయాలి. నేను ఒక్కసారి కూడా చచ్చిపడలేదు బాపూ. అయినా తల మీద నీళ్లు పోసుకోకుండా నీ ముందుకు రాలేకపోయాను.