ఆపమన్న చెయ్యి

నాన్నకు నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ పనికి వెళ్ళిన ఊళ్ళో వేళకి తింటూ కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాం.

చదువు ఎలా సాగుతోందని అడిగావు. బాగా. ఈ వారం ‘ఆర్థిక మాంద్యం’ పాఠం. ఎంత మెత్తటి మాటో చూడు, తిన్నది అరగకపోవడంలా వినిపిస్తుంది! పనులు పోతే కొట్లాటలు పెరుగుతాయని మాస్టారు బోర్డు మీద రెండు గీతలు గీశారు. నేను లేచి, “మా వీధిలో అందరికీ పని పోయింది సార్, అందరూ రాడ్డు పట్టుకోలేదు కదా” అన్నాను. “అయితే ఎవరు పట్టుకుంటారో నువ్వే కనిపెట్టి చెప్పు తల్లీ” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వీధి సంగతీ అడిగావు. మీ బట్టల మిల్లు మూసినప్పటి నుంచీ పొద్దు వాలకుండానే తలుపులు వేసుకుంటున్నాం. పోయిన వారం ఇద్దరు ముసుగులు కట్టుకొచ్చి, గల్లాపెట్టె కోసం మందుల షాపు మీద పడ్డారు. వాళ్ళలో ఒకడు షాపాయన్ని రాడ్డుతో కొట్టాడు. ఆయనకి ఇంకా కుడి చెయ్యి లేవడం లేదు. నేను ఎదురింటి మెట్ల మీదే ఉన్నాను. ఆయన పడిపోగానే, కొట్టినవాడు రాడ్డు వదిలేసి, రెండోవాడికేసి చెయ్యి చాచి, పిడికిలి బిగించి కిందికి లాగాడు. మగ్గాల హోరులో మాట వినపడక మీరంతా చేతులతో మాట్లాడుకునేవారు కదా, అది ‘మిషన్ ఆపు’ అనే సైగ. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది.

నాన్నా, ఎలా రాయాలో తెలియక ఇంతదాకా లాక్కొచ్చాను. అది బాబాయి చెయ్యి. మిల్లులో నీ పక్క మగ్గం మీద పనిచేసిన బాబాయిది.

అమ్మకి చెబితే, “నోరు మూసుకో. నిన్ను భుజాన మోసిన మనిషే ఆయన” అంది. అందుకే ముందు ఆయన దగ్గరికే వెళ్ళి, పోలీస్ స్టేషన్‌లో చెప్పబోతున్నానని చెప్పాను. పిన్ని, “మా కొంప కూల్చడానికేనటే నీ చదువు?” అంది. బాబాయి గోడకేసి చూస్తూ, “బెదిరిద్దామనే వెళ్ళాను తల్లీ. చెయ్యి నా మాట వినలేదు” అన్నాడు. “అదీ చెబుతాను బాబాయ్” అన్నాను.

రేపు పొద్దున్నే వెళుతున్నాను. వద్దని నువ్వు రాసినా ఆ ఉత్తరం ఈలోపు అందదు, అందుకే ఇవాళ రాస్తున్నాను. ఆయన కొట్టాడని చెబుతాను. మిల్లు నడిచినన్నాళ్ళూ ఎవరి మీదా చెయ్యెత్తలేదనీ, పని పోయాక ఏయే గుమ్మాల ముందు నిలబడి పని అడిగాడో కూడా చెబుతాను. పోలీసులు మొదటి మాట రాసుకుని “ఇక వెళ్ళమ్మా” అంటే, మిగతాది రాసుకునేదాకా బెంచీ మీంచి లేవను.

ఇట్లు,
ఈసారికి నీ అనుమతి అడగని
నీ కూతురు