కుర్చీ బ్యాచ్

2023 సెప్టెంబరు 9, శనివారం

ఈ వయసులో నన్ను చాప మీద పడుకోబెట్టి కాళ్ళు గోడకి ఆనించమన్నారు. ఆనించాను. వెల్లకిలా పడ్డ బొద్దింకలా ఉన్నాను. అటూ ఇటూ నాలాంటి బొద్దింకలే. అందరూ తెలుగువాళ్ళు, బ్రాంప్టన్‌లో కూతురింటికో కొడుకింటికో వచ్చినవాళ్ళు. శనివారం పొద్దున రిక్రియేషన్ సెంటర్‌లో మాకో హాలు ఇస్తారు.

నేర్పేది మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్ల, ధరణి. సూర్యాపేట నుంచి చదువుకోడానికి వచ్చింది. పగలు కాలేజీ, రాత్రి వేర్‌హౌస్‌లో షిఫ్టు, శనివారం మేము. యోగాలో డిప్లొమా ఉందట. ఉంటే ఉంది.

మా ఆవిడ సూర్యకుమారి వేసవి నుంచీ వెళుతోంది. ఇవాళ నన్నూ లాక్కెళ్ళింది. కిటికీలోంచి ఎదురింటి గ్యారేజీ చూడడం తప్ప మీకేం పనుంది, పదండి అంది.

ధరణి అందరి ముందూ, తాతా, ఊపిరి బిగబట్టకుండ్రి, మొహం టమాటా లెక్క అయితుంది అంది. హాలంతా నవ్వింది. మా ఆవిడ అందరికన్నా గట్టిగా నవ్వింది.

మళ్ళీ వెళ్ళను.

సెప్టెంబరు 10

తొడలు పట్టేశాయి. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 16, శనివారం

వెళ్ళాను. మా ఆవిడతో వాదించడం కన్నా కాళ్ళు గోడకి ఆనించడం సులువు.

ఇవాళ పొట్ట మీద మడత పెట్టిన తువ్వాలు పెట్టింది. గాలి పీలిస్తే తువ్వాలు లేవాలి, వదిలితే దిగాలి. నాది పీలిస్తే దిగుతోంది. ఉల్టా చేస్తున్నరు తాతా అంది. డెబ్భై ఏళ్ళు ఇలాగే బతికానమ్మా అందామనుకున్నాను. అనలేదు.

పక్కన కూర్చుని చెప్పింది. ఊపిరితిత్తుల కింద గొడుగులాంటి కండ ఒకటి ఉందట. గాలి పీలిస్తే అది కిందికి దిగుతుంది, దాని కిందున్న పొట్ట ముందుకి వస్తుంది. వదిలితే గొడుగు పైకి లేస్తుంది, పొట్ట లోపలికి పోతుంది. అందుకే ముందుకు వంగేటప్పుడు వదలాలి, నడుం మడవడానికి చోటు దొరుకుతుంది. చేతులు పైకెత్తేటప్పుడు పీల్చాలి, పక్కటెముకలు వాటంతటవే విచ్చుకుంటాయి. ఒంటికి ముందే తెలుసు తాతా, మీరు అడ్డం పడకుంటే చాలు అంది.

అడ్డం పడేది నేనట!

నేను బిగబట్టేది ఊరికే కాదు. మిరపతోటలో మందు కొట్టేవాణ్ణి. గాలి ఎదురు తిరిగితే మందు మొహం మీదికే వచ్చేది. ఊపిరి బిగించి సాలు చివరిదాకా నడిచి, గట్టు మీద వదిలేవాణ్ణి. అలా బతికిన ఒంటికి ఇప్పుడు గొడుగు తెరవమంటే ఎలా తెరుస్తుంది?

క్లాసు మొదట్లో ధరణి ఒక ప్రశ్న అడుగుతుంది. బీపీ, గుండె, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్ళు చేతులెత్తండి అని. ఎత్తినవాళ్ళని వెనక కుర్చీల్లో కూర్చోబెడుతుంది. వాళ్ళకి తల కిందికి వంచడం లేదు, కాళ్ళు గోడకి ఎక్కించడం లేదు. కూర్చునే చేతులు, మెడ, ఊపిరి. వాళ్ళ నాయకుడు కేశవరావు గారు, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. మా ఆవిడ వాళ్ళకి కుర్చీ బ్యాచ్ అని పేరు పెట్టింది. రైలు కోసం కూర్చున్నట్టు కూర్చుంటారు, ఆ రైలు రాదు, వీళ్ళు లేవరు అంటుంది.

ఆవిడ ముందు వరసలో ఉంటుంది. వంగితే అరచేతులు నేలకి తగులుతాయి. ధరణి ఆవిణ్ణి చూపించి, అమ్మమ్మను చూడుండ్రి అంటుంది. ఆ మాటకి మా ఆవిడ మొహం చూడాలి. పెళ్ళినాడు కూడా అలా లేదు.

నా తువ్వాలు చివర్లో ఒక్కసారి లేచింది. ఎవరూ చూడలేదు.

సెప్టెంబరు 19, మధ్యాహ్నం

జీలకర్ర కోసం అలమర వెతుకుతుంటే వెనక మందుల ప్యాకెట్టు దొరికింది. సూర్యకుమారి బీపీ మాత్రలు.

మన ఊళ్ళనుంచి కాలేజీలకని వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో సగమే వాళ్ళ బట్టలు. మిగతా సగం ఇక్కడి ముసలివాళ్ళ మాత్రలు, ఆవకాయ, కందిపొడి. ఈ ప్యాకెట్టు కూడా ఆగస్టులో బేస్‌మెంట్‌లోకి ధరణికి తోడుగా కొత్తగా దిగిన ఇంకో పిల్ల మోసుకొచ్చిందే. మా అమ్మాయి వాసవి దీనికోసం ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. మెడికల్ షాపువాడు కొట్టిన పిన్నులు అలాగే ఉన్నాయి. మా ఆవిడ విప్పనేలేదు.

పాత మాత్రలు జూలైలోనే అయిపోయి ఉండాలి.

అడిగాను. ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. బీపీ పోయింది అంది. ఎక్కడికి పోయింది అన్నాను. జూన్‌లో క్లాసు నుంచి వస్తూ మందుల షాపులో చెయ్యి పెట్టే మిషన్ మీద చూసుకుందట. మంచి నంబరు వచ్చిందట. శవాసనం వేసి తిన్నగా వెళ్ళి చూసుకుంది, పైగా ఆ పొద్దున మాత్ర వేసుకునే ఉంది. మాత్ర చేసిన పని అంతా ఊపిరి ఖాతాలో వేసింది.

ఏమే, బుద్ధుందా అన్నాను. ఉంది కాబట్టే ఆపాను అంది.

సెప్టెంబరు 23, శనివారం

ధరణి ప్రశ్న అడిగింది. చేతులు లేచాయి. ముందు వరసలో సూర్యకుమారి చేతులు రెండూ తొడల మీద బుద్ధిగా ఉన్నాయి. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఇంతమందిలో నేనెప్పుడు మాట్లాడాను గనక.

కాళ్ళు గోడకి ఎక్కించింది. తర్వాత వంగింది. ఎంతసేపటికీ లేవదు. మెడ పక్కన నరం తాడులా ఉబ్బింది. ధరణి అటువైపు ఎవరి మోకాలో సరిచేస్తోంది. తల గుండెకన్నా కిందికి పోతే నెత్తురు తలలోకి దిగుతుందని, దానికితోడు ఊపిరి బిగబడితే బీపీ ఇంకా పెరుగుతుందని ఆ పిల్ల ఆ కుర్చీలవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పిందో. మా ఆవిడ వినకుండా ఉంటుందా? అది కుర్చీలవాళ్ళకి చెప్పిన మాట అనుకుంది. తనకి కాదు.

లేచాక గోడ పట్టుకుంది. నేను చూశానని చూసింది. నవ్వింది.

ఆ నవ్వంటే నాకు ఒళ్ళుమంట.

సెప్టెంబరు 24

వాసవికి చెబుతానన్నాను. నా చెయ్యి లాక్కుని తన తలమీద పెట్టుకుంది. వాసవికి గానీ ధరణికి గానీ ఇంకెవరికైనా గానీ నా బీపీ గురించి నోరు విప్పితే నామీద ఒట్టే అంది.

చెబితే ఆవిడకి కీడు. చెప్పకపోతే ఆవిడకి కీడు. ఇదెక్కడి ఒట్టు? ఒట్లు నమ్మేవాణ్ణని తెలిసే పెట్టింది. నమ్మని అల్లుడికి పెట్టొచ్చుగా.

రాత్రి అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఆవిడ అడగనైనా లేదు.

సెప్టెంబరు 27, పొద్దున ఏడు

బస్టాపుకి వెళ్ళాను. ధరణి షిఫ్టు దిగి వచ్చే వేళ. బస్సు నిండా పిల్లలే, అందరూ మన మనవల వయసే, తలుపు దగ్గర నిలబడి నిద్రపోతున్నారు. ఇంతమందిని పిలిచారు, కూర్చోడానికి సీట్లు వేయలేదు. ఈ దేశానికి చెప్పేవాళ్ళు లేరా?

ధరణి దిగి, తాతా, చలిల ఏం పని అంది. బెంచీ మీద నా పక్కన కూలబడింది. చెప్పడానికే వచ్చాను. అమ్మా అన్నాను. నోట్లో మాట ఉంది. ఒట్టు గుర్తొచ్చింది. ఏమైంది అంది. ఏం లేదు, నడకకి వచ్చాను అన్నాను. ఇంకోమాట అందామని తిరిగేసరికి నిద్రపోయింది. కూర్చునే. నోరు తెరిచి. పొట్ట మాత్రం మాకు నేర్పినట్టే లేస్తూ దిగుతూ ఉంది.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేనూ అలా పీల్చాను. ఊపిరి పొట్టదాకా దిగుతోందిప్పుడు. కోపం మాత్రం దిగడం లేదు, ఎదలోనే కూర్చుంది.

సెప్టెంబరు 29, సాయంత్రం

ఆవిడ చేతిలోంచి గరిటె జారిపడింది. పొయ్యి గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది. వాసవి ఫోన్లోంచి తలెత్తి ఏమైందమ్మా అంది. జారింది, నూనె చెయ్యి అంది. నూనె లేదు. పప్పు వండుతోంది.

పొద్దుట్నుంచీ మెడ వెనక నొప్పిగా ఉందని నాతో మాత్రం అంది. రేపు వంగితే సర్దుకుంటుందట.

వంగితే.

సెప్టెంబరు 30, శనివారం, మధ్యాహ్నం మూడు

ఇప్పుడే ఇంటికొచ్చాం. రాసేస్తాను.

మంచంలో ఉండమని బతిమాలాను. జడ వేసుకుంటూ, మీకు భయమైతే మీరు ఉండండి అంది. వెళ్ళాం. ముందు వరసలో చాప పరిచింది. నేను పక్కన పరిచాను. ధరణి వచ్చింది. ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. వెనక కేశవరావు గారు చెయ్యెత్తి, మా పార్టీలో సీట్లు ఖాళీ ఉన్నాయండోయ్ అన్నాడు. అందరూ నవ్వారు. సూర్యకుమారి కూడా.

నా ఊపిరి ఆగిపోయింది, సాలు మధ్యలో గాలి తిరిగినట్టు. చివరిదాకా నడిచేంత టైము లేదు. పీల్చాను. పొట్టదాకా పీల్చాను. పీలుస్తూ ఆవిడ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాను.

లాక్కుంది. వదల్లేదు. గోళ్ళు గుచ్చింది. వదల్లేదు. ఏమండీ, అందరూ చూస్తున్నారు అంది పళ్ళ మధ్యనుంచి. చూడనీ. చూడ్డానికే ఎత్తాను. నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ బీపీ గురించి నోరు విప్పలేదు.

ధరణి వచ్చి మా ముందు మోకాళ్ళమీద కూర్చుంది. అమ్మమ్మా, నిజమేనా అంది. మా ఆవిడ పైకప్పు చూసింది. ధరణి రెండోమాట అనకుండా ఆఫీసుకి పరిగెత్తి అక్కడి బీపీ మిషన్ తెచ్చింది. చూసి మళ్ళీ కట్టింది. రెండో చేతికి కూడా కట్టింది. పైది రెండొందలకి కాస్త తక్కువ. ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. ఇన్ని వారాలు నేను నిన్ను తలకిందులు వంచిన్నా అంది. ఏడ్చింది. అప్పుడు మా ఆవిడ మొదటిసారి భయపడింది. తనకి కాదు, ఆ పిల్ల ఏడుస్తోందని.

వాసవిని ధరణే పిలిచింది. క్లినిక్కులో డాక్టరు సున్నితంగా చెప్పాడు. నేనైతే అరిచేవాణ్ణి. ఇవాళే మాత్ర మొదలు, వారం వారం చూపించుకోవాలి, తల దించే ఆసనాలు బంద్. మెల్లగా ఊపిరి తీసుకోవచ్చు, మంచిదే, మాత్రకి బదులు మాత్రం కాదన్నాడు.

కార్లో వాసవి నామీద అరిచింది. మీకు తెలిసి నాకు చెప్పలేదా నాన్నా అని. ఒట్టు సంగతి చెప్పలేదు. అరవనీ.

ఇంటికొచ్చాక సూర్యకుమారి ఒక్కమాటే అంది. ఈ ఊళ్ళో నాకని ఒక్కటి ఉంది, దాన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆవిడ మీద కోపం తగ్గలేదు.

అక్టోబరు 2

మాట్లాడలేదు.

అక్టోబరు 4

మాట్లాడలేదు. కూరలో ఉప్పు రెట్టింపు వేసింది, నా గిన్నెలో మాత్రం. డాక్టరు ఉప్పు తగ్గించమన్నది తనకేనట. ఈ మాట వాసవితో అంది, నాకు వినబడేట్టు.

అక్టోబరు 7, శనివారం

వెళ్ళదనుకున్నాను. వెళ్ళింది. తిన్నగా వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుంది. కేశవరావు గారు లేచి దండం పెట్టి, అమ్మా, రైలు ఇంకా రాలేదు అన్నాడు. మా ఆవిడ పెట్టిన పేరూ, రైలు మాటా వాళ్ళకి ముందే తెలుసన్నమాట. ఆవిడ మొహం చూసి నాకు మొదటిసారి జాలేసింది.

కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తర్వాత, అయితే మీ కాళ్ళు దారిలోంచి తియ్యండి మేనేజరు గారూ, ఎక్కేవాళ్ళకి అడ్డం అంది. కుర్చీలన్నీ నవ్వాయి.

ఆవిడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చోబోయాను. మీకేం రోగం, చాప మీదికి పొండి అంది.

ఇన్ని రోజుల్లో నాతో అన్నది అదే. పోయాను.

అక్టోబరు 9, పొద్దున

మాత్ర మింగింది. నీళ్ళు తాగింది. నా ముందుకొచ్చి నోరు బార్లా తెరిచి, నాలుక బయటికి చాచి చూపించింది. నాలుక పైకెత్తి కింద కూడా చూపించింది.

ఖాళీ.

ఇంకా మూయలేదు. నేను చూశానని చెప్పేదాకా మూయదట.